యాజమాన్యాన్ని క్లౌడ్‌కు ఒప్పించడం: నా అనుభవం

సర్వర్లన్నీ సొంత గదిలోనే ఉండాలని పట్టుబట్టే యాజమాన్యానికి క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే సర్వర్లు) వల్ల కలిగే మేలు ఎలా చెప్పాలని మీరు అడిగారు. ఒకసారి పూర్తిగా విఫలమై, రెండోసారి సగం గెలిచినవాడిని కనుక నాకు తెలిసింది చెబుతాను.

ఇంజినీర్ల మధ్య చెల్లే మాటలనే డైరెక్టర్ల ముందు వల్లించడం నేను మొదటిసారి చేసిన పొరపాటు. కంటైనర్లు, ఆటోస్కేలింగ్ అంటూ 40 నిమిషాలు మాట్లాడాక, ఆర్థిక విభాగాధిపతి ఒకే ప్రశ్న వేశారు: “మరి నిరుడు కొన్న సర్వర్లను ఏం చేద్దాం?” వాటి తరుగుదలను ఇంకా కొన్నేళ్లపాటు లెక్కల్లో చూపవలసి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. సమావేశం అక్కడితో ముగిసింది.

రెండోసారి మొదట్లో క్లౌడ్ పేరెత్తకుండా, సాఫ్ట్‌వేర్ పరీక్షలకు వాడే సర్వర్ల లెక్క తీశాను. వారంలో 168 గంటలుంటే వాటితో మాకు పని పడేది 50 గంటలే. తక్కిన 118 గంటలూ అవి ఊరికే తిరుగుతున్నాయి. అద్దె యంత్రాలను సాయంత్రం ఆపేస్తే ఆ సమయానికి ప్రాసెసర్ ఖర్చు పడదు గాని, డిస్కు ఖర్చు మాత్రం పడుతూనే ఉంటుంది. ఈ మెలికను ఎవరూ అడగకముందే నేను చెప్పడం వల్లనే, ఆ తర్వాత చెప్పినవాటిని వారు నమ్మారని అనుకుంటున్నాను.

అదే నిజాయితీతో రెండు ఉదాహరణలు ముందుంచాను. 2008లో డేటాబేస్ పాడై, మూడు రోజులపాటు చందాదారులకు సినిమాల డీవీడీలు పంపలేకపోయిన నెట్‌ఫ్లిక్స్ ఆ దెబ్బతో క్లౌడ్ బాట పట్టింది; ఆ తరలింపు పూర్తయ్యేసరికి 2016 జనవరి వచ్చింది. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచిపెట్టే సేవ డ్రాప్‌బాక్స్ దీనికి విరుద్ధంగా, వాడుకదారుల డేటాలో 90 శాతానికి పైగా క్లౌడ్ నుంచి తన సొంత కేంద్రాలకు తెచ్చుకుంది. భారీగా, నిలకడగా ఉండే పనికి సొంత యంత్రాలే చౌక కావచ్చు. హెచ్చుతగ్గులున్న పనికి అద్దె నయం. మన పనుల్లో ఏది ఏ కోవకు చెందుతుందన్నదే తేల్చుకోవలసిన విషయమని చెప్పాను.

భద్రత గురించి క్లుప్తంగా చెప్పండి: భవనం, యంత్రాల కాపలా క్లౌడ్ సేవాసంస్థది, ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలన్నది మాత్రం ఎప్పటికీ మనదే. దానికంటే, బ్యాకప్ నుంచి వ్యవస్థను తిరిగి నిలబెట్టి చూసింది చివరిసారి ఎప్పుడని అడగండి. మా సమావేశంలో ఆ ప్రశ్నకు ఎవరూ నోరు మెదపలేదు.

చివరికి పరీక్షల సర్వర్లకూ బ్యాకప్‌కూ మాత్రమే అనుమతి దొరికింది. పద్దుల వ్యవస్థ ఇప్పటికీ సొంత గదిలోనే ఉంది. మొదటి నెలలో ఎవరో ఒక యంత్రాన్ని ఆపడం మరచిపోవడంతో బిల్లు అంచనా దాటింది, ఆ సంగతి నాకంటే ముందు ఆర్థిక విభాగాధిపతే కనిపెట్టారు. అప్పటినుంచి ఖర్చు పరిమితి హెచ్చరికలు మా ఇద్దరికీ ఒకేసారి వచ్చేలా ఏర్పాటు చేశాను. మీరు ఆ పని మొదటి రోజే చేయండి.