కిస్తీ వారం వారం, పంట ఆరు నెలలకు

ఆడవాళ్లను గ్రూపులుగా చేర్చి వారం వారం కిస్తీ కట్టించుకునే అప్పుల మీద పోయిన నెల నేను రాసిన నాలుగు ముక్కలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎక్కువ రాసింది ఆడవాళ్లే. పేరు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు, ఊరి పేర్లు కూడా తీసేసి జిల్లా వరకే ఉంచాను. అందరికీ జవాబు ఇవ్వలేను, ఐదు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: నేను పదేళ్లుగా డ్వాక్రా సంఘంలో ఉన్నాను. అది కాక గేదె కోసం వారం కిస్తీ అప్పు ఒకటి తీసుకున్నాను. 50 వేలు ఇచ్చారు, వారానికి 1,150 చొప్పున 50 వారాలు కట్టాలి. వడ్డీ 15 శాతమే అని చెప్పారు. మా లీడరమ్మ మాత్రం అది రెండున్నర రూపాయల వడ్డీ అంటోంది. ఎవరి మాట నమ్మాలి? (ప్రకాశం జిల్లా)

మీ లీడరమ్మ మాట నమ్మండి, ఆవిడ లెక్క కరెక్టు. 1,150ని 50తో గుణిస్తే 57,500. అంటే 50 వేలకు 7,500 వడ్డీ, కాగితం మీద అది 15 శాతమే. కానీ ఆ 50 వేలూ ఏడాదంతా మీ దగ్గర ఉన్నాయా అమ్మా? మొదటి వారం నుంచే అసలు వెనక్కి వెళ్లిపోతోంది. సగం వారాలు గడిచేసరికి మీ దగ్గర మిగిలిన అసలు పాతిక వేలే, వడ్డీ మాత్రం మొత్తం 50 వేలకూ కడుతూనే ఉన్నారు. సగటున చూస్తే ఏడాది పొడుగునా మీరు వాడుకున్నది పాతిక వేల చిల్లర. దానికి 7,500 అంటే నూటికి ముప్పై దాకా పడింది, నెలకు నూటికి రెండున్నర. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం, రూపాయి వడ్డీ అంటే 12 శాతం అని మనవాళ్లందరికీ తెలుసు. అందుకే ఎవరైనా 'శాతం' అన్నప్పుడు, 'నెలకు నూటికి ఎన్ని రూపాయలు, తగ్గుతున్న అసలు మీదేనా' అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో చాలా విషయం బయటపడుతుంది.

వడ్డీ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ ఉత్తరం చివర రాసిన మాట: గేదె ఇప్పుడు వట్టిపోయింది, పాల డబ్బు లేదు, కిస్తీ కోసం కూలికి వెళ్తున్నాను అని. గేదె ఏడాదిలో కొన్ని నెలలు వట్టిపోతుందని అప్పు ఇచ్చిన వాళ్లకు తెలియదా? తెలుసు. అయినా కిస్తీలు ఆ నెలల్లో ఆపే ఏర్పాటు లేదు.

2022లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పుకు నిజంగా పడే వడ్డీ రేటు, ఫీజులు అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసి ముందే ఇవ్వాలి. ఇంట్లో ఉన్న అప్పులన్నిటి కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదు. మీకు ఆ కాగితం ఇచ్చారో లేదో చూసుకోండి, ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: నేను ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థిని. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు పేదరికాన్ని తగ్గించిందని ఒక మాస్టారు చెప్పారు, అదంతా ప్రచారమని ఇంకో మాస్టారు. ఏది నిజం? (హనుమకొండ జిల్లా)

ఇద్దరు మాస్టార్లూ సగం సగం చెప్పారు. మొదలైన చోటికి వెళ్దాం. 1976లో చిట్టగాంగ్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్పే ముహమ్మద్ యూనస్ పక్కనే ఉన్న జోబ్రా అనే ఊరికి వెళ్తుండేవారు. అక్కడ వెదురు స్టూళ్లు అల్లే ఆడవాళ్లు వెదురు కొనడానికి వ్యాపారి దగ్గరే అప్పు చేసేవాళ్లు, అల్లిన స్టూలు మళ్లీ ఆ వ్యాపారికే, అతను చెప్పిన రేటుకే ఇచ్చేవాళ్లు. రోజంతా వేళ్లు కోసుకుపోయేలా అల్లితే చేతిలో మిగిలేది చిల్లర పైసలు. ఊళ్లో ఇలా అప్పుల్లో ఉన్న 42 మందికి కలిపి కావలసిన డబ్బు 856 టాకాలు, అప్పటి లెక్కలో 27 డాలర్లు. యూనస్ జేబులోంచి ఇచ్చేశారు. అదే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో ఆయనకూ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. స్టూలు అల్లే ఆమెకు పని ముందే వచ్చు, కొనేవాళ్లు ముందే ఉన్నారు, డబ్బు కూడా ఏ రోజుకు ఆ రోజు వస్తుంది. అడ్డుగా ఉన్నదల్లా వ్యాపారి అప్పు. ఆ ఒక్క అడ్డు తీసేస్తే ఆమె నిలబడింది. గ్రామీణ బ్యాంకు పెట్టిన వారం వారం కట్టే పద్ధతి అలాంటి బతుకులకు సరిపోతుంది. దాన్నే తీసుకెళ్లి వాన మీద ఆధారపడి కంది, వేరుశనగ వేసే ఇంటికి, ఏడాదికి ఒక్కసారి డబ్బు కళ్లజూసే ఇంటికి అంటగడితే ఎలా సరిపోతుంది? ప్రపంచమంతా గ్రామీణ బ్యాంకు పద్ధతిని కాపీ చేసింది, జోబ్రా పరిస్థితిని మాత్రం ఎవరూ కాపీ చేయలేకపోయారు.

పరిశోధనలు ఏం చెప్పాయంటే, 2019లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో మరో ఇద్దరితో కలిసి మన హైదరాబాద్‌లోనే 104 బస్తీలు ఎంచుకున్నారు. లాటరీ తీసినట్టు సగం బస్తీల్లో ముందుగా అప్పుల శాఖలు తెరిపించారు. అప్పు వచ్చిన బస్తీల్లో కొందరు ఇంటికి మన్నికైన సామాను కొన్నారు, ముందే వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని కాస్త పెంచుకున్నారు, టీ, పొగాకు లాంటి వాటి మీద ఖర్చు తగ్గించుకున్నారు. కానీ పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో జరిగిన ఇలాంటి పరిశోధనల ఫలితాలు 2015లో దీనితో పాటే అచ్చయ్యాయి. అన్నీ దాదాపు ఇదే మాట చెప్పాయి, కొంత మేలు ఉంది, బతుకు మారిపోయేంత లేదు అని.

వీటన్నిటికంటే నాకు ముఖ్యం అనిపించేది కోల్‌కతాలో జరిగిన ఇంకో పరిశోధన. అప్పు తీసుకున్న వాళ్లలో కొందరిని మామూలుగా రెండు వారాలకే కిస్తీ మొదలుపెట్టమన్నారు, కొందరికి రెండు నెలలు గడువిచ్చారు. అంతే తేడా. మూడేళ్ల తర్వాత చూస్తే గడువు దొరికిన వాళ్ల వ్యాపారాల్లో లాభం బాగా ఎక్కువ. ఎందుకంటే పదిహేను రోజుల్లో కట్టాలంటే సగం డబ్బు కిస్తీ కోసమే దాచిపెట్టుకుంటాం, రెండు నెలలు టైముంటే కుట్టు మిషనో సరుకో ధైర్యంగా కొంటాం. అయితే గడువు ఇచ్చిన వాళ్లలో ఎగవేతలు కూడా పెరిగాయి, అప్పులిచ్చే కంపెనీలు భయపడేది దానికే, అది కూడా నిజమే. పరీక్షలో ఈ రెండు వైపులూ రాయి తల్లీ. అప్పు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా, ఏ ఆదాయానికి ఏ కిస్తీ అన్న ప్రశ్న దాకా వెళ్లు.

ప్రశ్న: 2010లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి మైక్రోఫైనాన్స్‌ను దెబ్బతీసింది, దానివల్ల పేదలకు అప్పు పుట్టకుండా పోయిందని ఒక చర్చలో విన్నాను. ఆ రోజుల్లో మీరు బ్యాంకులో ఉన్నారు కదా, మీ అభిప్రాయం? (నెల్లూరు జిల్లా)

ఆర్డినెన్స్ అవసరమే. దాని తర్వాత చేయాల్సింది చేయకపోవడమే తప్పు.

మీది నెల్లూరు కాబట్టి మీకు వేరే చెప్పనక్కర్లేదు. అక్షరాస్యత తరగతులకు వెళ్లిన దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడటం, ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా పాకడం, 1993లో సారా నిషేధం రావడం మీరు కళ్లారా చూసి ఉంటారు. ఆ మిగిలిన డబ్బే రోజుకో రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి సంఘాల్లోకి వెళ్లింది. 1992లోనే వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు అప్పులు మొదలుపెట్టింది. 2000 తర్వాత వెలుగు పథకం, ఆ తర్వాత పావలా వడ్డీ పథకం వచ్చాయి. ఈ దారి మొత్తంలో ముందు పొదుపు, ఆ తర్వాతే అప్పు. ఒకరి సంగతి ఒకరికి తెలిసేదాకా కూర్చుని మాట్లాడుకునే ఆడవాళ్లు, తీర్మానం పుస్తకం, వేలిముద్ర పోయి సంతకం రావడం, ఇవన్నీ అయ్యాక డబ్బు.

మైక్రోఫైనాన్స్ కంపెనీలు, అంటే వారం కిస్తీల మీద చిన్న అప్పులిచ్చేవి, వచ్చి ఆ సంఘాల మీదే తమ గ్రూపులు కట్టాయి. పొదుపు అడగలేదు, ఆలస్యం లేదు, వారంలో డబ్బు చేతిలో పడేది. ఒకే ఇంటికి నలుగురైదుగురు అప్పిచ్చారు, ఒకరి కిస్తీకి ఇంకొకరి దగ్గర తీసుకునే పరిస్థితి. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు శాఖలు మూయించారు, ఎవరూ పాఠం నేర్చుకోలేదు. 2010 నాటికి ఆత్మహత్యల వార్తలు, గుమ్మం ముందు కూర్చుని వసూళ్లు. అక్టోబరులో ఆర్డినెన్స్ వచ్చింది: కంపెనీలు రిజిస్టర్ చేసుకోవాలి, వారం వసూళ్లు పోయి నెలకోసారి, అదీ పంచాయతీ దగ్గర నలుగురిలో, వడ్డీ మొత్తం అసలును మించకూడదు. ఆ ఒత్తిడి తీయడం తప్పని ఎవరన్నా నేను ఒప్పుకోను. వసూళ్లు మాత్రం పదో వంతుకు పడిపోయాయి, కంపెనీలు కొత్త అప్పు ఆపేశాయి.

ఆ డిసెంబరులో మా శాఖకు ఒకామె వచ్చింది. కొంగు ముడి విప్పి కౌంటరు మీద పెట్టింది, ఒక జత కమ్మలు, రెండు ముక్కుపుడకలు. ఒక ముక్కుపుడక ఆమె కూతురిది. వారాల వాళ్లు రావడం మానేశారు, మిరపకు మందు కొట్టాలి, సంఘం అప్పుకు ఇంకా మూడు నెలలు ఆగమన్నారు అంది. తూకం వేస్తే అన్నీ కలిపి నాలుగు గ్రాములు. ఐదు వేల పైచిలుకు వస్తుందని చెప్పాను. ఆమెకు ఇరవై వేలు కావాలి. ఏమీ అనకుండా ఒక్కొక్కటీ తీసి మళ్లీ కొంగులో ముడేసుకుని, ఐదు రూపాయల వడ్డీకి ఎవరిస్తారో తెలుసులెండి అని వెళ్లిపోయింది. ఆ ముడి వేసుకోవడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. వారాల వాళ్లు వెళ్లిన చోటికి ఆ నెలలోనే బ్యాంకు వెళ్లి ఉండాల్సింది. మేం వెళ్లలేదు. సంఘాల ఆడవాళ్లకు త్వరగా అప్పిచ్చే స్త్రీనిధి మొదలైంది 2011లో, అంటే ఆమె మిరప తోట అయిపోయాక.

ఇంకో విషయం, 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు పరిధిలో ఉన్న సంస్థలకు ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. కాబట్టి పైన ప్రకాశం జిల్లా చెల్లెలికి చెప్పిన 2022 నిబంధనలే ఇప్పుడు అక్కరకొచ్చేవి, వాటిని సంఘం మీటింగులో చదివి వినిపించండి.

ప్రశ్న: మా ఊళ్లో బాగా పేదగా ఉన్న పాతిక కుటుంబాలకు వడ్డీ లేని అప్పు ఇచ్చే నిధి పెట్టాలని మా మిత్రులం అనుకుంటున్నాం. సలహా చెప్పండి. (డల్లాస్)

మంచి ఆలోచన. కానీ బాగా పేదవాళ్లకు వడ్డీ లేకపోయినా అప్పు అప్పే. బంగ్లాదేశ్‌లోనే బ్రాక్ అనే సంస్థ ఈ సంగతి గమనించి, 2002 నుంచి అలాంటి కుటుంబాలకు అప్పు కాకుండా ఆవునో మేకలనో ఊరికే ఇవ్వడం మొదలుపెట్టింది. ఇచ్చి వదిలేయరు. అవి ఆదాయం ఇచ్చేదాకా తిండికి కొంత డబ్బు, మేపే పద్ధతి నేర్పడం, వారం వారం ఒక మనిషి ఇంటికి వచ్చి చూడటం, పొదుపు అలవాటు, ఇవన్నీ దాదాపు రెండేళ్లు. ఇథియోపియా, ఘనా, హోండురాస్, ఇండియా, పాకిస్తాన్, పెరూల్లో 10 వేలకు పైగా కుటుంబాలతో ఇదే చేసి చూశారు, చాలాచోట్ల తిండి, ఆదాయం, పొదుపు పెరిగాయి. పశ్చిమ బెంగాల్లో పదేళ్ల తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది. హోండురాస్‌లో మాత్రం ఎక్కువ మంది కోళ్లు తీసుకున్నారు, అవి జబ్బు చేసి చచ్చిపోయాయి. అందుకని డబ్బు పంపేముందు మీ ఊరికి పశువుల డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడో, ఎండాకాలం గడ్డి ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. పాతిక కుటుంబాలు కాకపోయినా ఐదింటితో మొదలుపెట్టండి, రెండేళ్లు తిరిగి చూసే మనిషికి జీతం పక్కన పెట్టండి. ఫోటోలు తీయించుకునే సభ పెట్టకండి, దయచేసి.

ప్రశ్న: వారం కిస్తీ కాకుండా పంట చేతికొచ్చాక ఒకేసారి కట్టే అప్పు ఉంటుందా? మాది కౌలు వ్యవసాయం. (పల్నాడు జిల్లా)

ఉంటుంది. కిసాన్ క్రెడిట్ కార్డు 1998 నుంచి ఉన్నది అందుకే, పంట అప్పుకు వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోయి 4 శాతమే పడుతుంది. పావలా వడ్డీకి కాస్త పైన. చిక్కల్లా కౌలు రైతుతోనే. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు కార్డు కావాలి, దానికి భూమి యజమాని సంతకం పెట్టాలి, సంతకం పెడితే భూమి పోతుందేమోనని వాళ్ల టెన్షన్. అది కౌలు కాలానికి మాత్రమే, యాజమాన్య హక్కుకు ఏమీ కాదని చట్టంలోనే ఉందని చెప్పించండి, మీరు చెబితే వినకపోతే సచివాలయం ఉద్యోగితో చెప్పించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే నలుగురి నుంచి పది మంది దాకా కౌలు రైతులు కలిసి ఉమ్మడి బాధ్యత గ్రూపుగా బ్యాంకుకు వెళ్లొచ్చు, దానికి భూమి కాగితం తాకట్టు అడగరు. కార్డు గడువు 11 నెలలే, పోయినేటిది పనికిరాదు. ఏరువాక ముందే, కౌలు మాట్లాడుకునే రోజునే సంతకం సంగతి కూడా మాట్లాడేసుకోండి.