అమ్మ చుట్టిన కండెలు

తమ్ముడూ,

చదువు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. నిండా పెద్దల సూక్తులే. ఎంత చదివావో చూపించాలన్న టెన్షన్ ప్రతి పేరాలోనూ కనబడింది. నీ గొంతు మాత్రం ఒక్కచోటే వినబడింది. అదెక్కడో చివర్లో చెబుతాను.

వాంగ్ చుంగ్ అని చైనాలో ఒక తత్త్వవేత్త ఉండేవాడు. క్రీ.శ. 27లో, ఇప్పటి ఝెజియాంగ్ ప్రాంతంలోని షాంగ్‌యూలో పుట్టాడు. పేదవాడు. రాజధాని లువోయాంగ్‌లో చదువుకునే రోజుల్లో పుస్తకాలు కొనే స్తోమత లేక, అంగళ్లలో అమ్మకానికి పెట్టినవే చదివేవాడట. ఒక్కసారి చూస్తే చాలు, నోటికి వచ్చేసేదట. అంత ధారణశక్తి ఉన్న మనిషే, వెయ్యికి పైగా అధ్యాయాలు వల్లించినా వాటిని వాడుకోవడం రాకపోతే అవి చిలక పలుకులేనని రాశాడు. తనకున్న గొప్పనే పక్కన పెట్టి ఆ మాట అనగలిగాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఆయన పుస్తకం పేరు 'లున్‌హెంగ్'. మాటల్ని త్రాసులో పెట్టి తూచడమని చెప్పుకోవచ్చు. 85 అధ్యాయాల్లో 84 మనకు మిగిలాయి. ఒక అధ్యాయమంతా చైనా వాళ్లు మహాగురువుగా కొలిచే కన్‌ఫ్యూషియస్‌ను ప్రశ్నించడమే! గురువు మాట అర్థం కాకపోతే ఎదురు అడగడంలో తప్పేముందంటాడు. నేర్చుకోకుండా, అడగకుండా ఎవరికీ ఏదీ తెలియదన్నది ఆయన గట్టి నమ్మకం. పుట్టుకతోనే అన్నీ తెలిసిన మహాత్ముల కథలను ఆయన ఒప్పుకోలేదు.

ఆయన రాసినవాటిలో నాకు బాగా ఇష్టమైన మాట ఇంకొకటి ఉంది. చీ ప్రాంతంలో తరతరాలుగా బట్టల మీద సూదిపని చేస్తారు, అక్కడ మామూలు ఆడపిల్లలకు కూడా ఆ పని వచ్చు. షియాంగ్‌యీలో పూల పట్టు నేస్తారు, అక్కడ మందకొడి మనిషికీ నేర్పు అబ్బుతుంది. రోజూ చూస్తారు, రోజూ చేస్తారు, చేతికి అలవాటైపోతుందంటాడు. పండితుల గురించి చెబుతూ మగ్గం దాకా వెళ్లాడు చూడు!

ఇక నీ వ్యాసానికి వస్తాను. మూడో పేజీలో, మీ అమ్మ పక్కన కూర్చుని నేతకు దారం కండెలు చుట్టడం నేర్చుకున్నానని రాసి, వెంటనే ఇంకెవరిదో సూక్తిలోకి దూకేశావు. మళ్లీ అక్కడికి వెళ్లు. పుస్తకాలన్నీ మూసెయ్. దారం ఎన్నిసార్లు తెగింది, అమ్మ ఏమంది, ఏ రోజు నీ చెయ్యి తిరిగింది, అది రాయి. తేలిక మాటల్లో రాయి. వాంగ్ చుంగ్ కూడా చదివేవాడికి సులువుగా అర్థం కావాలనే రాశాడు.

నేను చెప్పినదాంట్లో నీకు ఒప్పుకోబుద్ధి కానిది ఏదైనా ఉంటే, అదీ రాసి పంపు.

ప్రేమతో,
మీ అన్న