ముద్దుపేరుతో ముత్తాతమ్మని వెతుకుతున్న అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు పంపిన వంశవృక్షం మొత్తం చూశాను, చాలా శ్రద్ధగా చేశావు. మూడో తరం దగ్గర ఆగిపోయావే, అక్కడ రికార్డులు లేవని నేను అనుకోను. ముత్తాతమ్మని ఇంట్లో పిలిచిన పేరుతో వెతుకుతున్నావు, అదీ సమస్య. రికార్డు రాసిన గుమస్తాకి ఆవిడ ముద్దుపేరు తెలియదు, ఇంట్లోవాళ్లకేమో అసలు పేరు గుర్తులేదు. ఈ రెండు పేర్లూ కలిసి కనిపించే కాగితం ఒక్కటి దొరికేదాకా పేరుని పక్కనపెట్టి మనిషిని వెతకాలి.

ముందు పెద్దవాళ్లతో మాట్లాడు, ఇది వాయిదా వేయొద్దు. "ఆవిడ పేరేంటి" అని అడిగితే ఒక పేరు చెప్పి ఊరుకుంటారు. వాళ్లమ్మ ఏమని పిలిచేది, ఆవిడ భర్త ఏమని పిలిచేవాడు, పనిచేసే చోట ఏమనేవాళ్లు, ఉత్తరం చివర ఏమని సంతకం చేసేది, ఇలా విడివిడిగా అడుగు. ఒకే మనిషికి పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఇంకో పేరు, కాగితాల్లో మూడోది ఉంటుంది. ఏ పేరు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కూడా రాసుకో, ఎందుకంటే రేపు రెండు మాటలు పొసగనప్పుడు ఎవరు ఆవిడకి దగ్గరగా మసలారో చూసి తేల్చుకోవాలి.

ముద్దుపేరు అసలు పేరుని పోలి ఉంటుందని నమ్ముకోకు. ఇంగ్లిష్ వాళ్లు మేరీని పోలీ అని, మార్గరెట్‌ని పెగ్గీ అని, రిచర్డ్‌ని డిక్ అని ఎప్పటినుంచో పిలుస్తున్నారు. మేరీ మోలీ అయింది, మోలీ పోలీ అయింది. ఈ సంగతి తెలియనివాళ్లు ఒక రికార్డులో భార్య మేరీ, ఇంకోదాంట్లో పోలీ అని చూసి ఆయనకి లేని రెండో పెళ్లి చేసేస్తారు! రష్యన్లలో సాషా అంటే అలెగ్జాండర్ కావచ్చు, అలెగ్జాండ్రా కావచ్చు, అంటే ఆ పేరు చూసి మగో ఆడో కూడా చెప్పలేం.

రికార్డులు వెతికే సైట్లో "ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లు కూడా చూపించు" అనే ఆప్షన్ నొక్కితే సరిపోతుందని అన్నావు. సరిపోదు. అలాంటి వెతుకులాటకి వాడే సౌండెక్స్ పద్ధతికి 1918లోనే పేటెంట్ వచ్చింది. అది పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి మిగతా హల్లుల్ని అంకెలుగా మారుస్తుంది. స్పెల్లింగ్ తేడాలకి బ్రహ్మాండంగా పనికొస్తుంది గానీ మేరీ అని కొడితే పోలీని చూపించదు.

మిడిల్ నేమ్ సంగతి ఇంకా చిక్కు. మొదట రాసిన పేరే పిలిచే పేరు కానక్కర్లేదు. సంగీతకారుడు బాఖ్ పేరు యోహాన్ సెబాస్టియన్, తండ్రి యోహాన్ ఆంబ్రోసియుస్, అన్నలు యోహాన్ క్రిస్టోఫ్, యోహాన్ యాకోబ్. ఒక్క యోహాన్‌ని పట్టుకుని వెతికితే ఎవరి కాగితం ఎవరిదో ఎలా తేలుతుంది? అందుకే పేర్ల వరస మార్చి వెతుకు, రెండో పేరు ఒక్కదానితో వెతుకు, పొడి అక్షరాలతో కూడా వెతుకు.

పొడి అక్షరాన్ని మాత్రం ఊహించి పూరించకు, ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ 1822లో పుట్టినప్పుడు హిరామ్ యులిసిస్. 1839లో సైనిక అకాడమీకి సిఫారసు చేసిన కాంగ్రెస్ సభ్యుడు పొరపాటున యులిసిస్ ఎస్. గ్రాంట్ అని రాశాడు, చివరికి ఆ పేరే నిలిచిపోయింది. హ్యారీ ఎస్. ట్రూమన్ పేరులోని ఎస్‌కి అసలు పూర్తి రూపమే లేదు. ఇద్దరు తాతల పేర్లలోనూ ఆ అక్షరం ఉందని పెట్టారు, అంతే. అంత ప్రసిద్ధుల కాగితాలే అలా ఉంటే మనవాళ్లవి ఇంకెలా ఉంటాయో చూసుకో. అయితే కొన్ని కుటుంబాల్లో మిడిల్ నేమ్‌గా తల్లి పుట్టింటివాళ్ల ఇంటిపేరు పెడతారు, అది దొరికితే ఒక తరం వెనక్కి దారి తెరుచుకున్నట్టే.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. పేరు గడి ఖాళీగా వదిలేసి ఇంటిపేరు, ఊరు, పుట్టిన సంవత్సరానికి అటూ ఇటూ రెండు మూడేళ్లు పెట్టి చూడు. అన్నదమ్ముల్లో అక్కచెల్లెళ్లలో ఎవరిదైనా అరుదైన పేరుంటే ముందు వాళ్లని పట్టుకో, వాళ్ల ఇంటి జాబితాలోనే ఈవిడా ఉంటుంది. దస్తావేజుల మీద సాక్షి సంతకాలు, మరణ ప్రకటనలు, ఫోటోల వెనక రాతలు, పాత ఉత్తరాల కవర్లు తిరగెయ్యి. కవరు మీద అసలు పేరు, లోపల ఉత్తరంలో ముద్దుపేరు ఉండటం చాలా మామూలు.

దొరికింది కదా అని వెంటనే ఇద్దర్నీ ఒకరిని చేసెయ్యకు. ఒకే ముద్దుపేరు మేనత్తకీ మేనకోడలికీ ఉండొచ్చు, చిన్నప్పుడే పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టినవాళ్లకి పెట్టి ఉండొచ్చు. ఏ సంవత్సరం ఎక్కడుందో వరసగా రాస్తే, ఒకే ఏడు రెండు ఊళ్లలో కాపురం ఉన్నట్టు తేలితే, ఆ ఇద్దరూ వేరు. అనుమానం ఉన్నంతకాలం పక్కన ప్రశ్న గుర్తు ఉంచు. వంశవృక్షంలో పుట్టుక రికార్డులోని పేరు ముఖ్యమైనదిగా పెట్టి, మిగతావన్నీ ఏ కాగితంలో ఎలా ఉంటే అలా, తప్పు స్పెల్లింగ్‌తో సహా, కింద చేర్చు.

ఆ ఫోటోల వెనక వైపు కూడా స్కాన్ చేసి నాకు పంపు, చేతిరాతలు నేను గుర్తుపట్టగలను.

మీ పెదనాన్న