నొక్కే ముందు ఆ తెర ఏం చెప్పింది?

బ్యాంకు యాప్‌ల మీద వచ్చే ఉత్తరాలు ఎన్నిసార్లు జవాబిచ్చినా తగ్గడం లేదు. వడ్డీ బ్యాంకుల ఖాతాదారులూ రాస్తున్నారు, వడ్డీ లేని ఇస్లామిక్ బ్యాంకుల వాళ్లూ రాస్తున్నారు, బ్రాంచి అన్నదే లేకుండా ఫోన్‌లో నడిచే బ్యాంకుల వాళ్లూ రాస్తున్నారు. ఖాతాల తీరు వేరైనా గోల ఒక్కటే: బటన్ నొక్కాం, ఆ తర్వాత ఏం జరిగిందో తెలియలేదు. ఈసారి అన్నీ అవే. పిన్ మార్చుకోవడం ఎలా, స్టేట్‌మెంట్ దింపుకోవడం ఎలా అని అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వాటిని వదిలేస్తున్నాను.

ప్ర: ‘వివరాలు అప్‌డేట్ చేయకపోతే రాత్రికి ఖాతా ఆగిపోతుంది’ అని మెసేజ్, దాంతో పాటు ఒక ఫైలు వచ్చాయి. ఇన్‌స్టాల్ చేశాను. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. అయినా మూడు విడతల్లో డబ్బు పోయింది. చెప్పకుండా ఎలా పోతుంది?

జ: చెప్పాల్సిన పని లేదు కాబట్టి. ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అన్నది దొంగ ఫోన్ చేసి అడిగే రోజుల మాట. ఇప్పుడు వాడు అడగడు, చదువుకుంటాడు.

మీకు వచ్చింది ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను నేరుగా ఎక్కించేది. అది లోపలికి రాగానే ఒకే ఒక్క అనుమతి కోసం వేధిస్తుంది: యాక్సెసిబిలిటీ. చూపు లేనివాళ్లకు తెర మీది అక్షరాలను చదివి వినిపించడానికి, చేతులు సహకరించని వాళ్ల తరఫున బటన్లు నొక్కడానికి పెట్టిన సదుపాయం అది. చదవడం, నొక్కడం రెండూ చేయగలది కాబట్టే దొంగకూ అదే కావాలి. అనుమతి ఇచ్చాక మీరు బ్యాంకు యాప్ తెరిచిన క్షణం దానికి తెలుస్తుంది. అసలు తెర మీద అచ్చం అలాంటి నకిలీ తెరను పరిచి పిన్ పట్టేస్తుంది. మీరు ఫోన్ పక్కన పెట్టాక తానే యాప్ తెరుస్తుంది, ఖాతా సంఖ్య, మొత్తం టైపు చేస్తుంది, నోటిఫికేషన్‌లో వచ్చిన ఓటీపీని చదివి గడిలో వేస్తుంది, ‘కన్ఫర్మ్’ నొక్కుతుంది, మెసేజ్‌ని చెరిపేస్తుంది. బ్యాంకు రికార్డుల్లో మాత్రం మీ ఫోనే, మీ సిమ్మే, మీ పిన్నే కనిపిస్తాయి. ‘లావాదేవీ మీరే చేశారు’ అని వాళ్లు జవాబివ్వడం అందుకే.

ఆండ్రాయిడ్ 13 నుంచి ఇక్కడ ఒక కంచె వేశారు. స్టోర్ బయటి నుంచి వచ్చిన యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఆ మీట బూడిద రంగులో ఉండిపోతుంది, కదలదు. యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కి, ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అనుమతించు’ అన్నది ఎంచుకుంటేనే కదులుతుంది. ‘సర్, ఆ మూడు చుక్కలు నొక్కండి’ అని ఫోన్‌లో మర్యాదగా చెప్పేవాడు ఎవడైనా సరే, దొంగే. ఏ బ్యాంకుకూ ఆ మూడు చుక్కలతో పని ఉండదు.

ఇప్పుడు చేయాల్సింది, ఈ వరసలోనే చేయండి. ముందు ఏరోప్లేన్ మోడ్, వైఫై కూడా ఆపాలి. రెండు, వేరే ఫోన్ నుంచి కార్డు వెనక ముద్రించిన నంబరుకే ఫోన్ చేసి ఆన్‌లైన్ బ్యాంకింగ్, కార్డులు ఆపించి, నమోదైన ఫోన్ల జాబితాలోంచి మీ ఫోన్‌ను తీయించండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. నెట్‌లో వెతికితే దొరికే ‘కస్టమర్ కేర్’ నంబర్ల జోలికి పోవద్దు. మూడు, ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరవండి. చాలా ఫోన్లలో పవర్ మెనూలోని ‘పవర్ ఆఫ్’ మీద వేలు నొక్కి ఉంచితే ఆ మాట అడుగుతుంది. సెట్టింగ్స్ తెరవగానే దానంతటదే మూసుకుపోతోందని రాసినవాళ్లు కొందరున్నారు. ఆ మూసేది ఆ దొంగ యాపే. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు కాబట్టి దాని ఆట సాగదు. అక్కడ యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాల్లోంచి దాన్ని తీసేసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఇంత చేసినా ఫ్యాక్టరీ రీసెట్ తప్పించుకోవద్దు. ఫొటోలు వెనక్కి తెచ్చుకోండి, యాప్‌ల బ్యాకప్ మాత్రం వద్దు. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, మొదట ఈమెయిల్‌ది. చివరగా *#21# డయల్ చేసి మీ కాల్స్ ఎక్కడికైనా మళ్లుతున్నాయేమో చూడండి. మళ్లుతుంటే ##002# అన్నీ రద్దు చేస్తుంది. కోడ్‌ను ఫోన్ కాల్‌లో చదివి చెప్పే బ్యాంకులున్నాయి, ఆ కాల్ కూడా దొంగకు వెళ్లనివ్వకూడదు.

తప్పు మీ ఒక్కరిదే అననివ్వను. ఓటీపీ మెసేజ్‌ని ఒకసారి చదవండి. ‘482913 మీ ఓటీపీ. ఎవరికీ చెప్పవద్దు. ఇది 10 నిమిషాలు...’ అని సాగుతుంది. ఎంత మొత్తం, ఎవరికి అన్నది ఆఖరున ఉంటుంది, లేదా ఉండదు. లాక్ తెర మీద మొదటి ముక్కే కనిపిస్తుంది, అంటే దొంగకు కావాల్సిన ముక్క. తిరగేసి ‘ఫలానా ఖాతాకు 40,000 పంపడానికి కోడ్...’ అని మొదలుపెడితే చదివేవాడి చెయ్యి ఆగుతుంది. ఐరోపాలో 2019 సెప్టెంబరు నుంచి ఆన్‌లైన్ చెల్లింపులకు కోడ్‌ను ఆ మొత్తానికి, ఆ గ్రహీతకు ముడివేయాలని నిబంధన ఉంది. రెండింట్లో ఏది మారినా కోడ్ చెల్లదు, కోడ్ అడిగేటప్పుడు ఆ రెండూ తెర మీద కనిపించాలి కూడా. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఎస్సెమ్మెస్ కోడ్‌ని ‘పరిమిత’ పద్ధతుల్లో, అంటే ముప్పు ఉందని తెలిసి జాగ్రత్తగా వాడాల్సిన వాటిలో చేర్చింది. మెసేజ్ కోడ్ తప్ప ఇంకో దారి చూపని బ్యాంకులు ఇప్పటికీ ఉన్నాయి.

దీనికి విరుగుడని కొన్ని యాప్‌లు మరో ఘనకార్యం చేస్తున్నాయి. ఫోన్‌లో ఏ యాక్సెసిబిలిటీ సేవ ఆన్‌లో ఉన్నా అసలు తెరుచుకోవు. అంటే స్క్రీన్ రీడర్ వాడే అంధుడు తన ఖాతా తాను చూసుకోలేడు. ఆ సేవ ఏ యాప్‌ది, అది స్టోర్ నుంచి వచ్చిందా, ఫైలు రూపంలో వచ్చిందా అని తేల్చుకునే వీలు ఉండగా అందరికీ తలుపులు మూసేయడం బద్ధకం.

ప్ర: ఇస్లామిక్ బ్యాంకు యాప్‌లో మురాబహా మీద వస్తువు తీసుకున్నాను. ‘వడ్డీ’ అని ఉండాల్సిన చోట ‘లాభం’ అని ఉంది, మిగతాదంతా మామూలు బ్యాంకు యాప్‌లాగే ఉంది. పేరు మార్చి అదే ఇస్తున్నారా?

జ: తేడా పేరులో లేదు, వరసలో ఉంది. మామూలు బ్యాంకు డబ్బు అప్పిస్తుంది, కాలం గడిచేకొద్దీ దాని మీద వడ్డీ పెరుగుతుంది. మురాబహాలో ముందు బ్యాంకు వస్తువును తాను కొనాలి, అది తన అధీనంలోకి రావాలి, ఆ తర్వాత ‘కొన్నది ఇంతకు, మా లాభం ఇంత’ అని విప్పి చెప్పి మీకు వాయిదాల మీద అమ్మాలి. తన దగ్గర లేనిదాన్ని అమ్మకూడదన్నది మూలసూత్రం. ఇస్లామిక్ బ్యాంకులకు ప్రమాణాలు రాసే బహ్రెయిన్‌లోని ఆయోఫీ సంస్థ షరియా ప్రమాణాల్లో 8వది మురాబహా మీదే. బ్యాంకు కొన్నప్పటి నుంచి మీరు కొనేదాకా వస్తువు పాడైతే నష్టం బ్యాంకుదే. అప్పుకీ అమ్మకానికీ తేడా ఆ కాస్త వ్యవధిలోనే ఉంది.

యాప్ చేసినవాళ్లు సరిగ్గా ఆ వ్యవధినే మింగేస్తున్నారు. కొంటానని మీరిచ్చే మాట, బ్యాంకు తరఫున కొనే ఏజెంటుగా మిమ్మల్ని పెట్టుకోవడం, చివరి కొనుగోలు అన్నవి మూడు వేరువేరు ఒప్పందాలు. వాటిని ఒకే టిక్కు కింద కుక్కి ‘అంగీకరిస్తున్నాను’ అనిపిస్తే, బ్యాంకు ఇంకా కొనని వస్తువును మీరు కొనేసినట్టవుతుంది. నొక్కుళ్లు ఎంత తగ్గితే అంత మంచి డిజైన్ అని నేర్చుకుని వచ్చినవాళ్ల పని ఇది. ఇక్కడ ఒక నొక్కు ఎక్కువ ఉండాలి: ‘వస్తువు మా చేతికి వచ్చింది, ధర ఇంత, లాభం ఇంత, కొంటారా?’ అని రెండో నోటిఫికేషన్ రావాలి. మీ యాప్‌లోంచి ఒప్పంద పత్రాల పీడీఎఫ్‌లు దింపి వాటి మీది తేదీ, సమయం పోల్చండి. బ్యాంకు కొన్న సమయం ముందు, మీరు ఒప్పుకున్న సమయం తర్వాత ఉండాలి. తిరగబడి ఉంటే కస్టమర్ కేర్‌తో వాదించకండి, షరియా విభాగానికి రాతపూర్వకంగా పంపండి.

వస్తువేదీ లేకుండా నిమిషాల్లో నగదే ఖాతాలో పడిందంటే అది మురాబహా కాదు, తవర్రుఖ్ అయి ఉంటుంది. బ్యాంకు లోహమో పామాయిలో కొని, మీకు వాయిదాల మీద అమ్మి, మీ తరఫున మూడోవాడికి నగదుకు అమ్మేస్తుంది. ఇలా ముందే అమర్చిపెట్టిన తవర్రుఖ్ చెల్లదని 2009లో షార్జా సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ తీర్మానించింది. వాడకం ఆగలేదు. మీకు పట్టింపు ఉంటే నొక్కే ముందే అడగండి.

ఆలస్యం విషయంలో మాత్రం తేడా జేబుకు తెలుస్తుంది. మురాబహాలో ఒప్పుకున్న ధర ఆలస్యమైందని పెరగదు. ఆలస్య రుసుం వేసినా అది దానధర్మాలకు పోవాలి, బ్యాంకు ఆదాయంలో కలవకూడదు. స్టేట్‌మెంట్‌లో అది విడిగా ఒక వరసగా ఉందో లేదో చూడండి. ముందుగా తీర్చేస్తే మిగిలిన లాభంలో తగ్గింపు (ఇబ్రా) దానంతటదే వస్తుందనుకోవద్దు, ఒప్పందంలో ఏం రాశారో వెతకండి.

పొదుపు ఖాతా తెర ఇంకా ఘోరం. ముదారబా ఖాతాలో సొమ్ము మీది, దాంతో వ్యాపారం చేసేది బ్యాంకు. అక్కడ బ్యాంకు మాటిచ్చేది లాభాన్ని ఏ నిష్పత్తిలో పంచుకుంటామన్నది మాత్రమే, 60:40 లాగా. బ్యాంకు అశ్రద్ధ లేకుండా నష్టం వస్తే అది సొమ్ము పెట్టినవాళ్లదే. తెర మీద మాత్రం పెద్దక్షరాల్లో శాతం, దాని కింద చీమంత అక్షరాల్లో ‘అంచనా’. నిష్పత్తి ఎక్కడో మూడో పేజీలో ఉంటుంది. వడ్డీ రేటు కోసం కట్టిన గడిలో చీటీ మార్చి అంటిస్తే ఇలాగే ఉంటుంది. సేవల నాణ్యతను కొలిచే సర్వ్‌క్వాల్ కొలబద్ద 1988లో ఐదు అంశాలతో వచ్చింది. 2001లో ఇస్లామిక్ బ్యాంకుల కోసం షరియా పాటింపును ఆరోదిగా చేర్చారు. ఆ ఆరో అంశం ఖాతాదారుకు కంటికి కనిపించాల్సింది యాప్‌లోనే.

ప్ర: డబ్బు పంపితే తెర గుండ్రంగా తిరిగి ‘ఏదో పొరపాటు జరిగింది’ అంది. మళ్లీ నొక్కాను. రెండుసార్లు కట్ అయింది. ఎందుకిలా?

జ: మీ మొదటి ఆదేశం వెళ్లింది, తిరుగు జవాబే రాలేదు. వెళ్లింది, వెళ్లలేదు అనే రెండిటితో పాటు ‘ఇంకా తెలియదు’ అనే మూడో స్థితి ఉంటుంది. యాప్ దాన్ని దాచి పొరపాటు అనేసింది. సరైన యాప్ ఒక్కో చెల్లింపుకు ఒక గుర్తింపు సంఖ్య తయారుచేసి, మీరు ఎన్నిసార్లు నొక్కినా అదే సంఖ్యతో పంపుతుంది. అవతలి సర్వర్ రెండోదాన్ని పక్కన పడేస్తుంది. మీ యాప్ నొక్కిన ప్రతిసారీ కొత్త సంఖ్య పుట్టించినట్టుంది.

ఏటీఎంలో దీనికి ఎప్పటినుంచో పద్ధతి ఉంది. కార్డు లావాదేవీల సందేశాలకున్న ఐఎస్ఓ 8583 ప్రమాణం ప్రకారం మెషీన్ 0200 అనే సందేశంతో బ్యాంకును డబ్బు అడుగుతుంది. ఆమోదం రాకపోయినా, వచ్చాక నోట్లు బయటికి రాకపోయినా 0420 అనే రద్దు సందేశం పంపుతుంది. డబ్బు దానంతటదే వెనక్కి పడేది అందువల్లే. పడకపోతే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, సమయం, మొత్తం చెప్పి ఫిర్యాదు చేయండి. ఆరోజు మెషీన్‌లో ఎన్ని నోట్లు మిగిలాయో లెక్క తీసి, మెషీన్ రాసుకున్న చిట్టా(జర్నల్)తో పోలుస్తారు. యాప్‌లో అయితే ఈసారి తెర తిరుగుతున్నప్పుడు ఏదీ నొక్కకండి. బయటికి వచ్చి స్టేట్‌మెంట్ తెరవండి. ‘పెండింగ్’ అని కనిపిస్తే అది తేలేదాకా రెండోసారి పంపొద్దు.

ప్ర: బయట వైఫైలో బ్యాంకు యాప్ వాడొచ్చా?

జ: వాడొచ్చు. యాప్‌కీ బ్యాంకుకీ మధ్య సమాచారం సంకేతబద్ధంగానే వెళ్తుంది. అంతకన్నా భయపడాల్సింది ఫోన్‌లో సిగ్నల్ హఠాత్తుగా మాయమై గంటసేపు రాకపోతే. మీ పేరుతో ఇంకొకరు డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు. ముందు బ్యాంకుకు, తర్వాతే టెలికాం కంపెనీకి ఫోన్ చేయండి. సిమ్‌కు పిన్ పెట్టుకున్నాం కదా అంటారేమో, అది పోయిన సిమ్‌ను కాపాడుతుంది, కొత్తగా తీసిన సిమ్‌ను కాదు.

ప్ర: ఒక అంకె తప్పు కొట్టి వేరేవాళ్లకు డబ్బు పంపాను. ఖాతా సంఖ్యను రెండుసార్లు టైపు చేయించుకుని కూడా యాప్ పట్టుకోలేదేం?

జ: రెండుసార్లూ అదే తప్పు చేసి ఉంటారు. మొదటి గడిలో అంకెలను చుక్కలుగా దాచి, రెండో గడిలో పేస్టు ఆపేసి, ఇదే భద్రత అనుకునే డిజైన్ ఇది. ఖాతా సంఖ్య రహస్యం కాదు, ఎవరి నుంచి దాస్తున్నట్టు? మెసేజ్‌లో వచ్చిన సంఖ్యను కాపీ చేస్తే తప్పు పడే అవకాశం తక్కువ. చేత్తో కొట్టించి ఆ తప్పును వీళ్లే పుట్టిస్తున్నారు. నిజానికి పాస్‌వర్డ్ గడిలో సైతం పేస్టును అనుమతించమనే నిస్ట్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

తప్పు పట్టే పని లెక్కలకు అప్పగించాలి. చాలా దేశాలు వాడే ఐబాన్ ఖాతా సంఖ్యలో దేశం కోడ్ తర్వాతి రెండు అంకెలు అందుకే ఉన్నాయి. మొదటి నాలుగింటిని చివరికి జరిపి, అక్షరాలను 10 నుంచి 35 దాకా అంకెలుగా మార్చి, మొత్తాన్ని 97తో భాగిస్తే శేషం 1 రావాలి. ఒక అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా శేషం మారిపోతుంది, యాప్ అక్కడే ఆపేస్తుంది. ఇలాంటి తనిఖీ అంకె లేని ఖాతా సంఖ్యలకు గ్రహీత పేరు చూపించడమే దిక్కు. బ్రిటన్‌లో పెద్ద బ్యాంకులు 2020 నుంచి పేరు సరిపోల్చుతున్నాయి, యూరో వాడే దేశాల్లో 2025 అక్టోబరు 9 నుంచి తప్పనిసరి.

మీ డబ్బు సంగతి: తప్పుగా చేరిన ఖాతా సంఖ్య, రిఫరెన్స్ నంబరు, తేదీ రాసి మీ బ్యాంకుకే ఇవ్వండి, వాళ్లు అవతలి బ్యాంకును అడుగుతారు. అవతలి ఖాతాదారు ఒప్పుకోకపోతే బ్యాంకు తనంతట తాను తీసివ్వడం కష్టం, కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఇకమీదట కొత్త ఖాతాకు ముందు చిన్న మొత్తం, అదీ 13 లాంటి అడ్డదిడ్డపు అంకె పంపండి. అవతలివాళ్లను ‘వచ్చిందా’ అని అడగకండి, ‘ఎంత వచ్చింది’ అని అడగండి. వాళ్లు 13 అని చెప్పాకే అసలు మొత్తం పంపండి.