వార్తల్లో వస్తున్న కొత్త ఆయుధాల్లో మా తమ్ముడి చేతికి అందేవి ఏవి?

ప్రశ్న: మాది అనంతపురం. మా తమ్ముడు అగ్నివీర్‌గా ఎంపికై త్వరలో శిక్షణకు వెళ్తున్నాడు. 2026లో సైన్యానికి కొత్త ట్యాంకులు, ఫిరంగులు, వాహనాలు వస్తాయని రోజూ చూస్తున్నాం. వాటిలో అతనికి నిజంగా అందేవి ఏవి?

జవాబు: అమ్మా, మాది కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర పల్లె. సైన్యంలో ఈఎంఈలో, అంటే బండ్లూ తుపాకులూ బాగుచేసే విభాగంలో, 22 ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి 2021లో హవల్దారుగా బయటికి వచ్చాను. మీ తమ్ముడి చేతికి వచ్చేది రైఫిలు, అతను ఎక్కేది చిన్న బండి. టీవీలో పదే పదే చూపించే ట్యాంకులూ ఫిరంగులూ ఆ రెజిమెంట్లలో పడిన వాళ్లకే.

రైఫిలు సంగతి. నా సర్వీసులో ఎక్కువ కాలం ఇన్సాస్ మోశాను. గడ్డకట్టే చలిలో దాని ప్లాస్టిక్ మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) అంచు వెంట వెంట్రుకంత సన్నని పగులు ఇచ్చేది. దాని స్థానంలో వస్తున్న ఏకే-203 ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వాలో తయారవుతోంది. 2021లో కుదిరిన ఒప్పందం ప్రకారం మొత్తం 6,01,427 రైఫిళ్లు రావాలి. వేల సంఖ్యలో ఇప్పటికే చేరాయి. అయినా శిక్షణ కేంద్రంలో మీ తమ్ముడికి మొదట ఇన్సాసే ఇస్తే నిరుత్సాహపడవద్దని చెప్పండి. సరిహద్దు యూనిట్ల అవసరం ముందు తీరాలి. ఇక పాత స్టెర్లింగ్ కార్బైన్ బదులు కొత్త కార్బైన్లు 4.25 లక్షలకు పైగా కొనడానికి 2025 డిసెంబరు చివరలో సంతకాలు అయ్యాయి. ఇళ్ల మధ్య, గదుల్లో, దగ్గరి పోరులో పనికొచ్చే పొట్టి ఆయుధం అది.

బండ్ల విషయం నాకు ప్రాణం, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. 2025 మార్చిలో ఫోర్స్ మోటార్స్, మహీంద్రా సంస్థలతో దాదాపు 5,000 తేలికపాటి వాహనాలకు రక్షణ శాఖ ఒప్పందం చేసుకుంది. 800 కిలోల బరువు మోయగల బండ్లు. పేపర్లలో దీనికి నాలుగు వాక్యాలు కూడా రాలేదు. నేను మాత్రం ఆ రోజు పాత మిత్రులకు ఫోను చేసి మరీ చెప్పాను. మా కాలంలో అందరి చేతికీ అలవాటైన జిప్సీ జీపు కొండదారుల్లో మేకలా ఎక్కేది, కానీ నలుగురు జవాన్లు సామానుతో కూర్చుంటే నిండిపోయేది.

లేహ్ వైపు నా చివరి పోస్టింగులో ఒక తెల్లవారుజామున స్టాలియన్ ట్రక్కు స్టార్ట్ కాలేదు. ఫిల్టరు గిన్నె విప్పి చూస్తే డీజిల్ తెల్లగా, మన ఇళ్లలో చలికాలం పేరుకున్న కొబ్బరినూనెలా ఉంది. చేతి తొడుగుతో చిన్న నట్టు పట్టు దొరకక తొడుగు తీసేశాను. ఆ ఇనుముకు వేలి చర్మం అంటుకుపోయింది. డీజిల్‌లో కిరోసిన్ కలిపి నడిపించేవాళ్లం. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని డీజిల్‌ను లద్దాఖ్‌కు తెచ్చింది. నా సర్వీసులో ఇంతకన్నా గొప్ప కొత్త ఆయుధాన్ని నేను చూడలేదు. మరోసారి ఒక చిన్న పంపు రాక బండి మూడు వారాలు షెడ్డులో నిలిచిపోయింది. అందుకే ఎన్ని బండ్లు కొన్నారో విన్నప్పుడల్లా వాటి విడిభాగాలు ఎన్ని కొన్నారని నా మనసు అడుగుతుంది.

పెద్ద ఆయుధాల్లో జోరావర్ తేలిక ట్యాంకు మీద నాకు ఆశ ఉంది. 2020లో తూర్పు లద్దాఖ్‌కు 46 టన్నుల టీ-90 ట్యాంకులను ఎక్కించాల్సి వచ్చింది. జోరావర్ బరువు 25 టన్నులే. 2024 సెప్టెంబరులో ఎడారిలో, డిసెంబరులో 4,200 మీటర్ల ఎత్తులో కాల్చి చూశారు. సైన్యంలో చేరేది 2027 నాటికి అని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ అధిపతి చెప్పారు, అంటే ఈ ఏడాది లెక్కలో దాన్ని వేసుకోకండి. ఎడారి కోసమని కొన్న వజ్ర ఫిరంగులను నేను బయటికి వచ్చిన ఏడాదే చలికి తగిన మార్పులు చేసి లద్దాఖ్ ఎక్కించారు. అవి బాగా పనిచేశాయి కాబట్టే 2024 డిసెంబరులో మరో 100 కొనాలని నిర్ణయించారు. ఇక అటాగ్స్ అనే, బండితో లాగే ఫిరంగులు 307, వాటిని లాగే బండ్లు 327 కొంటున్నారు. సుమారు 6,900 కోట్ల ఒప్పందం, రావడం విడతల వారీగా ఏళ్ల పాటు సాగుతుంది.

పరీక్షకూ చేతికి అందడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మా ఊరి వాళ్లకు బాగా తెలుసు. పాలకొలను దగ్గరి డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రం మాకు పొరుగే. డ్రోన్లను కూల్చే లేజర్ ఆయుధాన్ని 2025 ఏప్రిల్‌లో, డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని జులైలో కర్నూలులోనే పరీక్షించారు. ఆ వార్త చూసి మా వీధి పిల్లలు రెండు రోజులు అదే ఆట ఆడారు. కానీ జవాను భుజాన మోసుకెళ్లి ట్యాంకును కొట్టే క్షిపణిని కర్నూలులో ప్రయోగించింది 2019 సెప్టెంబరులో. 2026 జనవరిలో మహారాష్ట్రలో కదిలే లక్ష్యం మీద మళ్లీ పరీక్షించారు. మీ తమ్ముడు పదాతి దళంలో పడితే నాలుగేళ్లలోపు దాన్ని భుజాన మోయాలని నా కోరిక.

అతన్ని జనరల్ డ్యూటీకి తీసుకున్నారా, టెక్నికల్‌కా? టెక్నికల్ అయితే, ఇంట్లో మోటారు సైకిలు ఉంటే ఈ నెలలోనే కార్బురేటర్ ఒకసారి విప్పి మళ్లీ బిగించమనండి. ఎక్కడ ఇరుక్కుపోయాడో ఇక్కడే రాస్తే చెబుతాను.