పుచ్చకాయ కోస్టర్ గిన్నెలా పైకి లేస్తోందా? చూడాల్సింది ఇది

గ్లాసు కింద పెట్టడానికి క్రోషేతో (హుక్‌తో దారం అల్లి) గుండ్రంగా వేస్తున్న పుచ్చకాయ కోస్టర్‌కి మూడో రౌండ్ నుంచే అంచులు పైకి లేస్తున్నాయి, ప్యాటర్న్‌లో (అల్లే విధానం రాసిన కాగితంలో) రాసినట్టే రౌండ్‌కి 6 కుట్లు చొప్పున పెంచాను అన్నారు కదండీ, అయితే మీ లెక్కలో తప్పు లేదు, నాకైతే అది బ్రిటిష్ ప్యాటర్న్ అనిపిస్తోంది. వాళ్లు డబుల్ క్రోషే అనేది అమెరికా వాళ్ల సింగిల్ క్రోషే, అంటే పొట్టి కుట్టు, మీ ఫోటోలో చూస్తే మీరు హుక్ మీద దారం ఒకసారి చుట్టి వేసే పొడుగు కుట్టు వేశారు, దానికి 6 పెంచితే చుట్టుకొలత చాలక గిన్నెలా లేస్తుంది.

పొట్టి కుట్టయితే ఒక్కో రౌండ్‌లో మొత్తం కుట్లు 6, 12, 18, 24 అలా వెళ్లండి. పొడుగు కుట్టే ఉంచాలంటే 12తో మొదలుపెట్టి 24, 36, 48. లెక్క సరిపోయాక కూడా కొంచెం లేస్తుంటే బిగుతుగా వేస్తున్నట్టే, హుక్ అర మిల్లీమీటర్ పెద్దది తీసుకోండి. అలాగని పెంపులు మరీ ఎక్కువ వేయకండి, అంచు కుచ్చిళ్లు పడుతుంది.

ఇంకోటి, దారం కాటన్‌దే వాడండి ప్లీజ్, చల్లటి గ్లాసుకి పట్టే నీళ్లని అక్రిలిక్ సరిగ్గా పీల్చుకోదు. ఎరుపు దారం ముక్క ఒకటి తడిపి తెల్ల గుడ్డ మీద నొక్కి చూడండి, రంగు దిగితే ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య వేసే తెల్ల రౌండ్ మొత్తం గులాబీ రంగైపోతుంది. గింజలు చివర్లో నల్ల దారంతో సూదితో చిన్న చిన్నగా కుట్టేయండి, ముడి వేయొద్దు, గ్లాసు వంకరగా నిలబడుతుంది.