డెస్మో అంటే ఏమిటి?

ప్రశ్న: పాత డుకాటి మోటార్‌సైకిళ్ల అభిమానులు ‘డెస్మో’ అనే మాటను అంత ఆరాధనగా పలుకుతారెందుకు?

జవాబు: మామూలు ఇంజన్‌లో వాల్వును (ఇంధన మిశ్రమం లోపలికి, పొగ బయటికి పోయే దారిని మూసి తెరిచే తలుపును) క్యామ్ (ఉబ్బెత్తు ఉన్న తిరిగే చక్రం) తెరిస్తే, స్ప్రింగు మూస్తుంది, వేగం మితిమీరినప్పుడు ఆ స్ప్రింగు వెనకబడటం వల్ల వాల్వు సకాలంలో మూసుకోదు. ఆనాటి స్ప్రింగులు విరిగిపోవడం కూడా కద్దు. ఇటలీలోని బొలోన్యాలో ఉన్న డుకాటి కంపెనీ ఇంజనీరు ఫాబియో తాల్యోని, మూసే పనిని సైతం మరొక క్యామ్‌కు, రాకర్‌కు (వాల్వును కదిలించే మీటకు) అప్పగించి, 1956లో 125 సీసీ రేసు బండిని రూపొందించారు. స్ప్రింగుకు బదులు క్యామ్‌తోనే వాల్వును మూసే ఈ ‘డెస్మోడ్రోమిక్’ పద్ధతికే ‘డెస్మో’ అని పొట్టి పేరు. ఈ ఆలోచన అంతకుముందే మెర్సిడెస్ రేసు కార్లలో ఉన్నా, దానిని 1968లో మామూలు మనిషి నడిపే రోడ్డు బండికి తెచ్చిన పట్టుదలే నన్ను ముగ్ధుణ్ని చేస్తుంది. 1972లో ఇటలీలోని ఇమోలాలో జరిగిన 200 మైళ్ల పోటీలో పాల్ స్మార్ట్, బ్రూనో స్పజ్జారి మొదటి రెండు స్థానాలు సాధించినది డెస్మో వాల్వులున్న 750 సీసీ బండ్ల మీదనే.